చెమట పట్టని కుండలు

నాలుగో గుంతలో కూడా చెమ్మసూది ఎర్రగానే వెలిగింది. వకుళ దాన్ని బయటికి లాగి, మొనకు అంటుకున్న మట్టిని బొటనవేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. తెగకుండా పొడుగ్గా సాగింది. బంకమట్టి. పైన ఇలా ఉంటే అడుగున ఎలా ఉంటుందో చెప్పడానికి సూది అక్కర్లేదు. కానీ సూది చెప్పందే దేన్నీ నమ్మని రోజులు కాబట్టి ఆ అంకెను కూడా పలకలోకి ఎక్కించింది.

"ఏటమ్మా, ఇంకెన్ని సిల్లులు పొడుస్తావు?" అంది పోలమ్మ, తన అరుగుమీద కాళ్ళు చాపుకుని.

"ఇంకొక్కటే పెద్దమ్మా. అయిదు గుంతలుండాలి. నాలుగైతే నేలలెక్క ఒప్పుకోదు."

"నాలుగింటికీ ఒకే మాట సెప్పినాది కదా. అయిదోది కొత్తగా ఏటి సెప్తాది?"

వకుళ నాలుగడుగులు పక్కకు జరిగింది. అయిదో గుంత తవ్వింది. అది కొత్తగా ఏమీ చెప్పలేదు.

తెరపి మొదలై ఆరో రోజు. నలభై రోజులు వాన ఉండదని వాతావరణ కేంద్రం హామీ ఇచ్చింది. దాని హామీల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి, ముప్ఫై రోజులే అనుకుని జిల్లా అంతా పరుగులు పెడుతోంది. మట్టిగోడ లేవాలన్నా, దానిమీద కప్పు పడాలన్నా ఈ లోపలే. తర్వాత పదిన్నర నెలలు ఆకాశం మూత తియ్యదు. గోడ లేవడానికి ముందు పునాది పడాలి. పునాది పడడానికి ముందు, ఏ రకం పాదం వెయ్యాలో చెప్పే పాదపత్రం రావాలి. ఆ పాదపత్రం ఇచ్చే పాదనిర్ణేతలు జిల్లాకు పదకొండు మంది. వాళ్ళలో వకుళ ఒకతె. ఈ రోజు ఆమె చూడవలసిన స్థలాలు తొమ్మిది. ఇది మూడోది.

సారెవలస ఒకప్పుడు నలభై గడపల కుమ్మరి ఊరు. ఇప్పుడు మిగిలిన ఇల్లు ఒక్కటే, పోలమ్మది. దాని పక్కనే పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న పాత ఇంటిస్థలం. ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవాలని పోలమ్మ కూతురు గున్నమ్మ దరఖాస్తు పెట్టింది. భర్తనూ ఇద్దరు కూతుళ్ళనూ కొండమీది ఉన్నత నివాసాల్లో ఉంచి, తాను దిగి వచ్చేసింది. ఉన్నత నివాసాలని కాగితాల మీద పేరు. జనం వాటిని మెట్టగూళ్ళంటారు.

"ఏడో అంతస్తు మేడమ్," అంది గున్నమ్మ. నలభై ఏళ్ళుంటాయి, మోచేతుల దాకా మట్టి. "గాలీ వెలుతురూ అన్నీ ఉన్నాయి. కాదనను. సారె తిప్పుదామంటే మట్టి లేదు. మట్టి మోసుకెళ్ళినా కుండలు కాల్చీ ఆవం ఎక్కడ ఎడతాను? ఏడో అంతస్తులో ఆవం కాలిస్తే ఊరుకుంతారేటి?"

ఆ మాటకు వకుళకు నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. ఎందుకంటే పలకమీద నేలలెక్క యంత్రం ఫలితం వచ్చేసింది.

రాతిపాదం: నేల ఉబ్బుతుంది, రాళ్ళు కుంగుతాయి. తిరస్కారం. 
సున్నపుపాదం: తెరపి ముగిసేలోగా గట్టిపడదు. తిరస్కారం. 
సంచిపాదం: నీటిమట్టం మూడడుగులు. సంచుల్లోని గులకల మధ్య ఒండ్రు చేరుతుంది. ఆయుష్షు నాలుగేళ్ళు. తిరస్కారం. 
స్థలస్వభావం: నీటినేల. చుట్టూ వంద గజాలకు వర్తిస్తుంది.

సిమెంటు కాల్చిన పొగ ఆకాశానికి ఏం చేసిందో తేలాక ఇళ్ళకు సిమెంటు ఆపేశారు. అది ఆసుపత్రులకూ వంతెనలకూ మాత్రమే. అప్పటినుంచి మట్టి ఇళ్ళే. పది పదకొండు నెలలు తడిసే దేశంలో మట్టి ఇంటికి తల తడవకుండా పెద్ద చూరు ఉండాలి, కాళ్ళు తడవకుండా మంచి పాదం ఉండాలి. చూరు ఎవరైనా వెయ్యగలరు. పాదం దగ్గరే చిక్కంతా. కింద నీళ్ళుంటే అవి ఊరుకోవు. దీపం వత్తి నూనె తాగినట్టు మట్టిగోడ నీళ్ళు తాగుతుంది. తాగి తాగి ఒకనాడు కూర్చుండిపోతుంది. ఆ తాగుడు ఆపే పాదాలు నేలలెక్క దృష్టిలో మూడే. మూడూ కాదంటే ఆ చోటు మనుషులకు కాదు, అక్కడున్నవాళ్ళను మెట్టగూళ్ళకు ఎక్కిస్తారు.

వకుళ ఫలితం చదివి వినిపించింది. చివరి వాక్యం చదివేటప్పుడు గొంతు కొంచెం తగ్గించింది.

"వంద గజాలంటే?" అంది గున్నమ్మ. తర్వాత తానే తల తిప్పి తల్లి ఇంటివైపు చూసింది. ఇరవై గజాలు కూడా లేదు.

"అంటే నన్నూ ఎక్కించేస్తారన్నమాట," అంది పోలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "నా ఆవాన్ని కూడా ఎక్కిస్తారేటి?"

సారెవలసలోదే ఆ చుట్టుపక్కల కాలుతున్న ఆఖరి ఆవం. అది ఆరిపోతే ఇక ఆ నేలమీద కుండ పుట్టదు. గున్నమ్మ దిగి వచ్చింది అందుకే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. 

నియమం ప్రకారం ఖాళీ చేయించే ఇంటి గోడకూ కొలత తీయాలి, దస్త్రంలో ఉండడానికి. వకుళ పోలమ్మ ఇంటి వెనక గోడ దగ్గరికి వెళ్ళి, మోకాలి ఎత్తున సూది గుచ్చింది. 

పచ్చగా వెలిగింది. 

ఆమె సూది తీసి, తుడిచి, చెయ్యెడు దూరంలో మళ్ళీ గుచ్చింది. పచ్చ. చీలమండ ఎత్తున గుచ్చింది. పచ్చ. ఇంటి చుట్టూ తిరిగి నాలుగు గోడలూ గుచ్చింది. ఎక్కడా నూటికి అయిదు దాటి చెమ్మ లేదు. ఆమె ఉద్యోగంలో ఇంత పొడి గోడను తెరపి ఆఖరి రోజున కూడా చూసింది లేదు. ఇవాళ ఆరో రోజు. వారం కిందటిదాకా కుండపోతగా కురిసింది.

పలక వెంటనే అభిప్రాయం చెప్పింది: పరికర దోషం. సూది మార్చండి.

సంచిలోంచి కొత్త సూది తీసి మార్చింది. మళ్ళీ పచ్చే.

పరికర దోషం. సూది మార్చండి.

"దాన్ని మార్చమంటోంది, దీన్ని మార్చమంటోంది," అంది వకుళ తనలో తాను. అంత పెద్ద బుద్ధి కదా, ఒక్కసారైనా గోడ పొడిగా ఉందేమోనని దానికి అనుమానం రాకూడదా అని ఆమెకు చిరాకు వేసింది. దాని వెనకే కుతూహలం కూడా వచ్చింది. చిన్నప్పుడు గడియారం విప్పి చూసి దెబ్బలు తిన్నది ఆ గుణంతోనే. లోపల ఏముందో చూడాలి.

"పెద్దమ్మా, ఈ ఇంటికి పాదం ఏమిటి?"

 పోలమ్మ ఆమె మొహంలోకి తేరిపార చూసింది.

"మీ లెక్కలో ఉంది కదా. కూలిపోయే పాదమని."

"ఎవరు రాశారు?"

"ఓ పిల్ల వచ్చినాది. ఈ పక్కన మా మరిది ఇల్లు కూలినప్పుడు. బక్కగా ఉండీది. ఇదే అరుగుమీద కూకుని మజ్జిగ తాగినాది. ఉప్పు సాలలేదని మళ్ళీ ఏయించుకుంది." పోలమ్మ నవ్వింది. "పొద్దున్న నువ్వు రాగానే పోల్చుకున్నాను. ఒళ్ళు సేసినావు. సంతోసమే."

వకుళకు చెవులు వేడెక్కాయి. పదకొండేళ్ళ కిందట, శిక్షణలో ఉండగా, తుఫాను తర్వాత రోజుకు ముప్ఫై కూలిన ఇళ్ళు చూసింది. ఊళ్ళ పేర్లు గుర్తులేవు. మజ్జిగ మాత్రం ఇప్పుడు గుర్తొచ్చింది. పలకలో ఈ స్థలం పాత నమోదు వెతికింది. దొరికింది. పాదరకం: బోర్లాపాదం, స్థానికం. కూలిన కారణం: పునాది. నమోదు చేసినవారి పేరు దగ్గర ఆమె పేరే ఉంది. ఆ ఒక్క నమోదుతో నేలలెక్క బోర్లాపాదాన్ని పనికిరాని వాటిలో పడేసి, మళ్ళీ ఎన్నడూ తీసి చూడలేదు.

"అసలేమిటి పెద్దమ్మా ఈ బోర్లాపాదం? నేనప్పుడు చూడలేదు. పేరు రాసుకుని వెళ్ళిపోయాను."

"సూడకుండానే రాసీసినావన్నమాట."

"అవును."

అలా ఒప్పేసుకునేసరికి పోలమ్మకు ఇంక దెప్పడానికి ఏమీ మిగల్లేదు. "గున్నా, గునపం అట్టుకురా," అంది.

ముగ్గురూ ఖాళీ స్థలంలోకి వెళ్ళారు. ఒక మూల పాత గోడ మొండెం నడుమెత్తున ఇంకా నిలబడి ఉంది. దాని కింది భాగానికి మోకాలెత్తున బూడిదరంగు పట్టీ. సిమెంటు. ఇంట్లో సిమెంటు కనబడడమే వింత కాబట్టి వకుళ వంగి చూసింది.

"మరిదికి బగుమానం," అంది పోలమ్మ. "అంతకు ముందటి తుపానులో పడవ ఏసుకుని ఇరవై మందిని తీసుకొచ్చాడని ఓ సంచి సిమెంటు ఇచ్చినారు. దాచుకోడం తెల్దు, అమ్ముకోడం తప్పు. ఇంటికి మొలతాడు కట్టినట్టు సుట్టూ పూసుకున్నాడు. ఊరు ఊరంతా వచ్చి సూసినాది. నాకూ కొంచెం కుళ్ళుగానే ఉండీదిలే. ఇల్లు మూడో ఏడే పడిపోనాది."

గున్నమ్మ గోడ మొండెం పక్కన తవ్వింది. అడుగు లోతున పలకరాళ్ళ వరస వచ్చింది. ఒక రాయిని గునపంతో లేపి పక్కకు దొర్లించింది. కింద ఇసుక. ఆ ఇసుకలో, పక్కపక్కనే ఒరుసుకుంటూ, బోర్లించిన కుండల వీపులు కనిపించాయి. మామూలు కుండలు కావు. పొట్టి అటికలు, మందమైన గోడలు, నల్లగా మాడిన రంగు.

వకుళ మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఆమె రాతిపాదాలు చూసింది, సంచిపాదాలు చూసింది, తాటిమొద్దుల మీద నిలబెట్టిన ఇళ్ళు చూసింది. కుండల నెత్తిన ఇల్లు పెట్టడం ఎన్నడూ చూడలేదు.

"కుండ నీళ్ళు పీలుస్తుంది కదా పెద్దమ్మా," అంది. ప్రశ్న అడుగుతూనే చేత్తో ఆ వీపులను తడుముతోంది. "మంచినీళ్ళ కుండ చల్లగా ఉండేదే అందుకు. ఒళ్ళంతా చెమట పడుతుంది. దాన్ని తెచ్చి గోడ కింద పెడితే నీళ్ళు అందులోంచే ఎక్కవూ?"

పోలమ్మ మొహం మొదటిసారి వెలిగింది. సరైన ప్రశ్న అడిగిన వాళ్ళంటే ఆమెకు ఇష్టం.

"కొట్టి సూడు."

వకుళ వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది.

"అదీ. ఆవంలో నిప్పు మూతికాడ ఉన్న కుండలు మరీ కాలిపోతాయి. కాలి కాలి రాయైపోతాయి. అలాటి దానికి చెమట పట్టదు. నీళ్ళు సల్లబడవు. ఎవులు కొంటారు? పారేసీలేక మావోళ్ళు పునాదిలో ఏసీవోరు. అడుగున పెంకులు, మీద ఈ అటికలు బోర్లా, సందుల్లో ఇసిక, ఆపైన పలకరాళ్ళు, ఆ మీద గోడ. నీళ్ళు పెంకుల దాకా వస్తాయి. అటిక లోపల గాలి. గాలిని అట్టుకుని ఎక్కడానికి నీళ్ళకి సేతులున్నాయేటి?"

వకుళ జాగ్రత్తగా ఇసుక తోడి ఒక అటికను అటూ ఇటూ కదిపి పైకి తీసింది. దాని కింద గుప్పెడు ఊక ఉంది. బంగారు రంగు పోకుండా, నిన్న దంచినట్టు.

"ఊక ఎందుకు?"

"తీసినోళ్ళకి తెలవడానికి," అంది గున్నమ్మ. "తడిస్తే నల్లబడి ముద్దైపోతాది. పొడిగా ఉంటే పునాది బాగున్నట్టు. కట్టినోళ్ళు ఉండరు కదా మేడమ్ సెప్పడానికి. అందుకే ఊక ఎడతారు."

వకుళ ఆ ఊకను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. తర్వాత సూది తీసి, సిమెంటు పట్టీ పైనుంచి గోడ మొండెంలోకి ఏటవాలుగా దింపింది. ఎర్ర. పట్టీ వెనక ఇంకా లోపలికి. గాఢమైన ఎర్ర. పునాదికి ఆనుకున్న అడుగువరసలో గుచ్చింది. పచ్చ.

అంతా అక్కడే రాసిపెట్టినట్టుంది. నీళ్ళు కిందనుంచి రాలేదు. వాన గోడమీద పడి, జారి, పట్టీకీ మట్టికీ మధ్యనున్న సన్నటి సందులోకి దిగింది. మామూలుగా అయితే మట్టిగోడ తడుస్తుంది, ఆరుతుంది. సిమెంటు వెనక చిక్కిన నీటికి ఆరే దారి లేదు. మూడేళ్ళు నాని, మోకాలి దగ్గర గోడ మెత్తబడి కూలింది. ఇంటిని కూల్చింది చవగ్గా పారేసిన కుండలు కాదు. ఊరంతా వచ్చి చూసిన బహుమానం. ఆనాడు ఈ పట్టీని వకుళ కూడా చూసే ఉంటుంది. చూసి, ఇంత గొప్ప సిమెంటు ఉన్నా కూలిందంటే తప్పు పునాదిదే అయ్యుంటుందని రాసేసి ఉంటుంది. అలా రాసేసే గుణం తనకుందని ఆమెకు బాగా తెలుసు. సిగ్గేసింది. 

"మరి ఇదంతా పదకొండేళ్ళు పొడిగా ఎలా ఉంది? పెంకుల్లోకి వచ్చిన నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

గున్నమ్మ స్థలం పల్లపు మూలకు తీసుకెళ్ళింది. అక్కడ నేలలోంచి ఒక కుండ మెడ అడ్డంగా బయటికి చూస్తోంది. దాని నోట్లోంచి చుక్క చుక్కగా నీళ్ళు కాలవలోకి పడుతున్నాయి.

"ఇది మూతి. ఏటా తెరపిలో కడగాల. లేకపోతే ఒండ్రు పట్టీసి మూసుకుపోతాది." గున్నమ్మ చెయ్యి ముడిచి ఆ మెడలోకి దూర్చింది. మోచెయ్యి దాకా పోయింది. గుప్పెడు ఒండ్రు తీసి పక్కన పడేసింది. "ఇంట్లో ఎవుల గాజు సిన్నదయితే ఆలే కడగాల. పెళ్ళై కొత్తగా ఎవులొచ్చినా ముందు గాజుల సైజు అడుగుతారు మా ఊళ్ళో. సూడ్డానికొచ్చినోళ్ళు వేరేలా అనుకునీవోరు."

"పాపం, మా తోటికోడలు గాజులిస్తారనుకుని నవ్వుకుంటా వచ్చినాది," అంది పోలమ్మ. "సేతిలో ఒండ్రు ఎట్టినాం."

"ఇల్లు కూలాక కూడా కడిగారా?"

పోలమ్మ తన చేతులు చూపించింది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి. "తొమ్మిదేళ్ళు నానే కడిగినాను. రెండేళ్ళబట్టి సెయ్యి దూరట్లేదు. గున్న వచ్చి కడుగుతాది. ఇల్లు పోతే పోనాది, మూతి మూసుకుపోనిస్తామేటి?"

ఎందుకు అని వకుళ అడగలేదు. అడిగితే పోలమ్మకే తెలియకపోవచ్చు.

ఆమె చూరు నీడలోకి వచ్చి, పర్యవేక్షకుడు బెహరా గారికి పలకలోంచి మాట కలిపింది. బెహరా గారు మంచివారే. నేలలెక్కతో ముప్ఫై ఏళ్ళుగా పనిచేసి, దానిలాగే మాట్లాడడం అలవాటైంది.

"సారెవలస దగ్గర ఎందుకాగిపోయావమ్మా? ఇంకా ఆరు స్థలాలున్నాయి నీకు."

వకుళ చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"పాత నమోదు దిద్దితే నీ పేరున తప్పు పడుతుంది. తెలుసుగా?"

"తెలుసు సార్. తప్పు చేశాను కదా."

"సరే, దిద్దుకో. కానీ అది ఒప్పుకోదు. ఏటా కడగాలంటున్నావు. కడిగేవాళ్ళుండాలి. సంరక్షణ గడిలో ఏముందో చూశావా?"

"సున్న ఉంది సార్."

"అన్ని స్థలాలకూ సున్నే. అది అలాగే ఉండాలి. మనుషులు మొదటేడు చూస్తారు, రెండో ఏడు చూస్తారు, మూడో ఏడు మర్చిపోతారు. గోడ మీద పడేది ఏడో ఏడు. అందుకే ఎవరూ చూడరనుకుని లెక్క కట్టారు పెద్దలు. మనుషుల్ని నమ్మి లెక్కలు కట్టలేమమ్మా. ఆ గడి జోలికి పోకు."

"కూలిన ఇంటికి వీళ్ళు పదకొండేళ్ళు కడిగారు సార్."

 "నాలుగో స్థలానికి ఆలస్యమవుతోంది," అని బెహరా గారు మాట ఆపేశారు.

వకుళ అరుగుమీద కూర్చుని పాత నమోదు తెరిచింది. కారణం దగ్గర పునాది అన్న మాట తీసేసింది. రాసింది: సిమెంటు పట్టీ వెనక నీళ్ళు నిలిచి గోడ కూలింది. పునాది బాగుంది. నేను చూడకుండా రాశాను. నొక్కింది. ఆమె పేరు పక్కన ఒక ఎర్ర చుక్క వెలిసింది. 

పలక మళ్ళీ లెక్క మొదలుపెట్టింది. తెరమీద వరసగా అక్షరాలు వచ్చాయి. 

బోర్లాపాదం: బలం చాలు. ఉబ్బే నేలకు తగును. చెమ్మ ఎక్కదు. 

గున్నమ్మ ఆమె భుజం మీదుగా చదువుతోంది. ఆ ఊపిరి వకుళ మెడకు తగులుతోంది.

నీటిమూతి మూసుకొనును. ఆయుష్షు మూడేళ్ళు. కనీస ఆయుష్షు ముప్ఫై. తిరస్కారం.

"మూసుకొనును అంటాదేటి?" అంది గున్నమ్మ. "ఎలా మూసుకుంటాది? నానుంటాను కదా!"

"నువ్వున్నావని దానికి తెలీదు," అంది వకుళ.

ఆ మాట అన్నాక ఆమె చెయ్యి ఆగింది. సంరక్షణ గడి తెర అడుగున, మూలన, బూడిదరంగులో ఉంది. దాన్ని ముట్టుకోకూడదని ఎక్కడా రాసిలేదు. ఎవరూ ముట్టుకోలేదు, అంతే. వకుళ వేలు పెట్టింది. బూడిదరంగు పోయి గడి తెల్లబడింది. లోపలినుంచి ప్రశ్న వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా అడగడానికి ఎదురుచూస్తున్నట్టు వెంటనే వచ్చింది.

ఎవరు చూసుకుంటారు?

"గున్నమ్మ," అని రాసింది వకుళ.

ఎప్పుడు?

"ఏటా తెరపి మొదటి వారం."

వారి తర్వాత ఎవరు?

వకుళ తలెత్తి గున్నమ్మను చూసింది. గున్నమ్మ తల్లిని చూసింది. 

"మా పెద్దది కుండ ముట్టుకోదు," అంది గున్నమ్మ నెమ్మదిగా. "సిన్నదానికి ఇష్టమే. కానీ దాని పెళ్ళెక్కడవుతాదో, అది ఇక్కడ ఉంతాదో లేదో నాకేటి తెలుసు? లేని మాట రాయొద్దు మేడమ్."

"పేరు కావాలంట కదా," అంది వకుళ.

"పేరెందుకు?" అంది పోలమ్మ. "మా అత్త పేరు రాసి నన్ను తెచ్చినారేటి? దీని తరవాత ఆ ఇంట్లో ఎవుల గాజు సిన్నదయితే ఆలు. అంతే. అది రాయి."

వకుళ రాసింది. ఒక్క మాట కూడా మార్చలేదు: ఆ ఇంట్లో ఎవరి గాజు చిన్నదైతే వారు.

 పేరు రావలసిన చోట పేరు రాలేదు. పలక చెరిపేస్తుందేమో అనుకుంది వకుళ. ఆఖరికి ఇంకొక ప్రశ్న వచ్చింది.

హామీ ఎవరు?

ఈ గడిలో పేరు పడితే, మూతి మూసుకుపోయిన నాడు ఆ పేరు గలవారి పలక పోతుంది. వకుళ మిగిలిన ఆరు స్థలాలను తలుచుకుంది. పలక పోతే తాను చెయ్యగల పని ఇంకొకటి లేదని కూడా తలుచుకుంది. తర్వాత గుమ్మంలో కూర్చున్న ముసలామె ఉబ్బిన వేళ్ళను చూసింది. ఆ చేతులతో లేని ఇంటికి తొమ్మిదేళ్ళు మూతి కడిగిన మనిషిని నమ్మలేకపోతే, ఇక ఈ సూదిని నమ్మి ఏం లాభం? తన పేరు రాసి నొక్కింది.

బోర్లాపాదం. ఆయుష్షు అరవై రెండేళ్ళు. అంగీకారం. స్థలస్వభావం: నివాసయోగ్యం.

గున్నమ్మ అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చింది. పోలమ్మ ఏడవలేదు. "ఊక తడవకుండా దాచినానా?" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

పలక మాత్రం ఆరలేదు. మామూలుగా అంగీకారం రాగానే తర్వాతి స్థలం చూపిస్తుంది. ఇప్పుడు తెరమీద అంకెలు పైకి పరుగెడుతున్నాయి. ఒక గడిలో సున్న కానిది పడింది. సున్న కానిది పడొచ్చని నేలలెక్కకు తెలిసిపోయింది. అది చాలా నిజాయితీ గల యంత్రం. ఒకచోట చెల్లినది అన్నిచోట్లా చెల్లాలి కదా అని, ఆ సున్నతో తిరస్కరించినవాటినన్నిటినీ, ఒప్పుకున్న ఇళ్ళను కూడా తిరగతోడుతోంది. ఒండ్రు చేరుతుందని కాదన్న సంచిపాదాలు. ఆకులు అడ్డుపడతాయని కాదన్న కాలవలు. నాలుగువేల మూడువందల స్థలాలు. ముప్ఫై ఏళ్ళలో కొండెక్కించిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే వచ్చి, ప్రతి పేరు పక్కనా ఒకే ప్రశ్న నిలబడింది.

ఎవరు చూసుకుంటారు?

వకుళకు భయం వేసింది. ఆ తర్వాత, భయం వెనకనుంచే, నవ్వు లాంటిదేదో వచ్చింది. ఆ ఊళ్ళలో ఎక్కడెక్కడ ఎవరెవరు ఏమేం కడుగుతున్నారో, ఎవరూ అడగలేదు కదా ఇన్నాళ్ళూ. 

పలక మోగింది. బెహరా గారు.

"ఏం చేశావమ్మా?"

"గడిలో రాశాను సార్."

"మిగతా పదిమంది నిర్ణేతలూ నాకు మాట కలుపుతున్నారు. పలకలు ఇంకో పని చెయ్యడం లేదట. ఆ ప్రశ్నకు జవాబిచ్చేదాకా కదలవట. పైవాళ్ళు ఆ గడి మూసేద్దామంటే, ఇచ్చిన పాదపత్రం వెనక్కి తీసుకోవడానికి నేలలెక్క కారణం అడుగుతోంది. కారణం ఏం చెప్పాలో ఎవరికీ తెలియడం లేదు." 

"నన్ను రమ్మంటారా సార్?"

"నిన్ను పిలవాల్సిన వాళ్ళు పిలుస్తారు. అది వేరే."   అవతల ఆకులు తొక్కిన చప్పుడు వినిపించింది. "అది కాదు నేనడిగేది. మా ఇంటికి కూడా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ కిందట నా చేత్తో నేనే సంతకం పెట్టుకున్న ఇల్లు. మీ ఇంటి నీళ్ళదారి ఎవరు చూసుకుంటారు అని అడుగుతోంది."

"ఎవరు చూసుకుంటున్నారు సార్?"

"నేను పెరట్లోనే ఉన్నాను," అన్నారు బెహరా గారు. ఆయన మాట ఇప్పుడు నేలలెక్కలా లేదు. "మూడుసార్లు చుట్టూ తిరిగాను. అసలెక్కడుందో కనబడ్డం లేదమ్మా. ఎలా వెతకాలి?"

వకుళ పలకను పోలమ్మ వైపు తిప్పింది. పోలమ్మ ఊక మూట ఒళ్ళో పెట్టుకుని, ఎవరో పెద్ద ఆఫీసరని కూడా చూడకుండా చెప్పింది.

"పల్లం ఏపు ఎల్లు బాబూ. గోడ మొదట్లో ఎక్కడ నాసు పట్టి ఉంటే అక్కడ తవ్వు. పార ఎట్టకు, పగిలిపోతాది. సెయ్యి ఎట్టి సూడు."